సముద్రం గడ్డకట్టిన రోజు: వల్యాల మట్టికోట కథ

ఎస్టోనియా దేశానికి పడమట, బాల్టిక్ సముద్రంలో సారేమా అనే దీవి ఉంది. ఆ దీవి నడుమ వల్యాల అనే చిన్న ఊరు. జనం వందల్లోనే ఉంటారు. ఒక పాత రాతి చర్చి, కొన్ని ఇళ్లు, చుట్టూ పొలాలు, పచ్చికబయళ్లు. ఊరు దాటి కాస్త నడిస్తే గడ్డి మొలిచిన పెద్ద కట్ట ఒకటి కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే మన వైపు చెరువుకట్ట అనుకుంటారు. దగ్గరికెళ్తేనే అది గుండ్రంగా తిరిగి మళ్లీ మొదటికే వస్తుందని తెలుస్తుంది. అడ్డంగా కొలిస్తే ఒక వైపు 120 మీటర్లు, ఇంకో వైపు 110 మీటర్లు. బయట నిలబడి చూస్తే కొన్నిచోట్ల రెండంతస్తుల మేడంత ఎత్తు. కట్టలో రెండు చోట్ల పల్లంగా కోసుకుపోయినట్టు ఉంటుంది. ఒకప్పుడు అవే ద్వారాలు. లోపల చదునైన నేల, మధ్యలో ఒక బావి జాడ.

ఇలాంటి కట్టడాన్ని ఎస్టోనియన్లు ‘మాలిన్’ అంటారు. ‘మా’ అంటే మట్టి, నేల. ‘లిన్’ అంటే కోట, పట్నం. మనం మట్టికోట అన్నట్టే. సారేమా పేరు కూడా అంతే సూటిగా ఉంటుంది, ‘సార్’ అంటే దీవి, కాబట్టి దీవినేల.

కోట అనగానే మనకు రాజు గుర్తొస్తాడు. ఇక్కడ రాజు లేడు. 12, 13 శతాబ్దాల సారేమాలో సింహాసనం గానీ, నాణేలు ముద్రించే టంకశాల గానీ లేవు. పల్లెలన్నీ కలిసి కొన్ని సీమలుగా ఉండేవి, ఒక్కో సీమకు పెద్దలు ఉండేవాళ్లు. వల్యాల అలాంటి ఒక సీమకు నడిబొడ్డు. ఈ కోటలో ఎవరూ కొలువు తీరలేదు. ఆపద వచ్చినప్పుడు చుట్టుపక్కల పల్లెల జనం పిల్లాజెల్లాతో, పశువులతో, ధాన్యంతో వచ్చి తలదాచుకోవడానికి అందరూ కలిసి కట్టుకున్న చోటు ఇది.

ఆ కట్టడానికి ఎంత చాకిరీ పట్టి ఉంటుందో ఉజ్జాయింపుగా లెక్క వేయవచ్చు. చుట్టుకొలత సుమారు 360 మీటర్లు. కట్ట అడుగున 20 మీటర్ల వెడల్పు, ఎత్తు 6 మీటర్లు అనుకుంటే, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి మొత్తం ఇరవై వేల ఘనపు మీటర్లకు పైమాటే. ఒక మనిషి రోజంతా తవ్వి, మోసి, పోసి ఒక ఘనపు మీటరు వేయగలిగితే నాలుగు వందల మందికి యాభై రోజుల పని. అదీ కేవలం మట్టి కాదు. ఈ దీవి అడుగంతా సున్నపురాయి. నాగలి దింపితే చాలు పలకలు పలకలుగా లేస్తుంది. ఆ పలకలనూ మట్టినీ కలిపి కట్ట పోశారు, దాని మీద దుంగలతో దడి నిలబెట్టారు. కుప్ప నూర్పిళ్లకూ చేపల వేటకూ మధ్య దొరికిన తీరికలో, జీతం ఇచ్చే రాజు లేకుండా, ఇంత పని జరిగిందంటే ఆ ఊళ్ల మధ్య కట్టుబాటు ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

వీళ్లు ఎవరికీ తెలియని మూలన పడి ఉన్న అమాయకులూ కారు. దీవి చరిత్ర కోటకంటే చాలా పాతది. అస్వా అనే చోట క్రీస్తుకు పూర్వం ఎనిమిది, ఏడు శతాబ్దాల నాడే కోటగోడ మధ్య జనం నివసిస్తూ మట్టి మూసల్లో కంచు పోతపోశారు. ఇప్పుడు సముద్రానికి ఎడంగా ఉన్న అస్వా అప్పట్లో తీరాన ఉండేది. మంచుయుగంలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు బరువు తొలగిపోవడంతో ఇక్కడి నేల ఇప్పటికీ ఏటా ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున పైకి లేస్తూనే ఉంది, సముద్రం వెనక్కి జరుగుతూనే ఉంది. సాల్మే అనే పల్లెలో 2008లో కేబుల్ కోసం గొయ్యి తవ్వుతుంటే ఎముకలు, కత్తులు బయటపడ్డాయి. తర్వాతి తవ్వకాల్లో క్రీ.శ. 750 ప్రాంతపు రెండు ఓడలు, వాటిలో పేర్చిన 41 మంది స్వీడన్ యోధుల అస్థిపంజరాలు దొరికాయి. వాళ్లు దాడికి వచ్చారా, రాయబారానికి వచ్చారా అన్న వాదన పండితుల మధ్య నడుస్తూనే ఉంది. ఏదైనా, దీవి మీదికి ఓడల్లో వచ్చి శవాలై మిగిలినవాళ్లు.

వల్యాలకు దగ్గర్లోనే కాలీ అనే ఇంకో వింత ఉంది. మూడు వేల ఏళ్ల పైచిలుకు క్రితం ఉల్క పడి 110 మీటర్ల వెడల్పున గొయ్యి చేసింది, ఇప్పుడది గుండ్రటి కొలను. అది ఉల్క పనేనని 1937లో ఇవాన్ రైన్‌వాల్డ్ ఉల్కాలోహపు ముక్కలు వెతికి పట్టుకుని రుజువు చేశాడు. ఈ దీవివాసుల దేవుడి పేరు తారపిత అనీ, ప్రధాన భూభాగంలోని ఒక కొండ మీద పుట్టి సారేమాకు ఎగిరి వచ్చాడని జనం చెప్పుకునేవారనీ 13వ శతాబ్దపు రాతల్లో ఉంది. ఆ ఎగిరి రావడం ఉల్క జ్ఞాపకమేనని లెన్నార్ట్ మెరి ఊహించాడు. రచయితగా ఆ మాట అన్న మెరి తర్వాత 1992లో దేశాధ్యక్షుడయ్యాడు. ఊహ అందంగానే ఉంది. అన్నేళ్ల పాటు, వంద తరాలకు పైగా, ఒక జ్ఞాపకం నోటి మాటగా నిలుస్తుందా అంటే మాత్రం నమ్మకం చాలడం లేదు.

13వ శతాబ్దం మొదట్లో సారేమావాళ్లంటే బాల్టిక్ తీరాల్లో హడల్. 1203లో పదహారు ఓడలతో డెన్మార్క్ ఏలుబడిలోని తీరం మీద పడి దోచి, చర్చి తగలబెట్టి వచ్చారు. 1215లో, క్రైస్తవ మతవ్యాప్తి పేరిట దండెత్తి వచ్చిన జర్మన్ల కొత్త పట్నం రీగాను (ఇప్పటి లాట్వియా రాజధాని) దిగ్బంధించబోయి, పాత పడవలనూ దుంగలతో చేసిన తొట్లనూ రాళ్లతో నింపి నది ముఖద్వారంలో ముంచేశారు. ఓడలు రాకుండా రేవును పూడ్చేయాలన్న ఎత్తుగడ అది. డెన్మార్క్ రాజు రెండో వాల్దెమార్ 1222లో దీవి మీద ఏకంగా రాతికోట కట్టించి, సైన్యాన్ని పెట్టి వెళ్లాడు. అప్పుడు దీవివాళ్లు చేసిన పని చూడండి. ప్రధాన భూభాగంలోని వర్బోలా కోటవాళ్లకు డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, రాళ్లు విసిరే యంత్రం ఒకటి ఇచ్చారు. సారేమా నుంచి కొందరు అక్కడికి వెళ్లి, ఆ యంత్రాన్ని పరిశీలనగా చూసి, పని పట్టుకుని తిరిగొచ్చారు. అలాంటివి పదిహేడు చేశారు. అయిదు రోజుల పాటు ఆపకుండా రాళ్లు కురిపిస్తే తలదాచుకునే చోటు లేక డేన్లు దిగివచ్చి కోట వదిలేసి పోయారు. ఆ కోటను రాయి మీద రాయి లేకుండా పీకేశారు. పైగా ఆ యంత్రం చేసే పద్ధతిని మిగతా ఎస్టోనియా అంతటికీ నేర్పారు.

ఈ వివరాలన్నీ వచ్చింది ఒకే ఒక్క మనిషి కలం నుంచి. ఆయన పేరు హెన్రీ. రీగా బిషప్ ఆల్బర్ట్ కింద పనిచేసిన పాదిరి. లాటిన్‌లో వృత్తాంతం రాశాడు. తన కళ్లతో చూసింది రాసినవాడు కాబట్టి విలువైన సాక్షి. కానీ గెలిచినవాళ్ల పక్షపు సాక్షి. ఓడినవాళ్లు రాసుకున్న అక్షరం ఒక్కటి లేదు. అందుకే ఆయన మాటను నేల కింద దొరికిన ఆధారాల పక్కన పెట్టి చదవాలి. సంఖ్యల్లో ఆయన చేయి కాస్త ధారాళం. వస్తువుల విషయంలో మాత్రం నమ్మదగ్గవాడు. కొక్కెం, తొట్టి, బావి లాంటి చిన్న చిన్న వస్తువులను అబద్ధమాడి చేర్చాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

రాతికోటనే పీకేసినవాళ్లు అయిదేళ్లు తిరక్కుండా ఎలా లొంగిపోయారు? ఈ ప్రశ్నకు జవాబు కోటలో కంటే సముద్రంలోనే ఎక్కువ ఉంది.

కోటకు అగడ్త ఎంత ముఖ్యమో తెలిసిందే. సారేమాకు సముద్రమే అగడ్త. ఎండాకాలంలో ఆ నీటి మీద వీళ్లను మించినవాళ్లు లేరు. అయితే బాల్టిక్ నీళ్లు మన బంగాళాఖాతం నీళ్లలా ఉప్పగా ఉండవు. మహాసముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే ఇక్కడ ఆరేడు గ్రాములే. చలి ముదిరితే ఇట్టే గడ్డకడుతుంది. సారేమాకు ఆనుకుని ముహు అనే చిన్న దీవి ఉంది. ప్రధాన భూభాగానికీ ముహుకూ మధ్య జలసంధి ఏడెనిమిది కిలోమీటర్లు. గట్టి చలికాలం వస్తే ఈ కాలంలోనూ దాని మీద కార్లు నడుస్తాయి. ప్రభుత్వమే మంచు మందం కొలిచి, దారి పొడవునా గుర్తులు పాతి, రోడ్డు తెరుస్తుంది. అక్కడ సీటుబెల్టు పెట్టుకోకూడదు. మంచు విరిగితే తక్షణం బయటకు దూకాలి కదా. బండి వేగానికీ లెక్క ఉంది. కొన్ని వేగాల్లో పోతే మంచు కింద నీటిలో అల లేచి పలకను పగలగొడుతుంది.

1227 జనవరి చివర్లో ఈ దారినే సైన్యం నడిచింది. పార్నూ నది సముద్రంలో కలిసే చోట జర్మన్లు, వాళ్లకు అప్పటికే లొంగిన లివ్‌లు, లాట్‌గాలియన్లు అనే పొరుగు తెగలవాళ్లు, ప్రధాన భూభాగపు ఎస్టోనియన్లు కూడారు. దాదాపు ఇరవై వేల మంది అంటాడు హెన్రీ. అందులో సగమే నమ్మినా ఆ కాలానికి పెద్ద దండే. గడ్డకట్టిన సముద్రం మీద వాన పడి, ఆ నీళ్లు మళ్లీ గడ్డకట్టడంతో పైభాగం అద్దంలా నున్నగా తయారైంది. గుర్రాలు జారి పడుతున్నాయి. ఆయుధాల రాపిడి, స్లెడ్జి బళ్ల గరగర, పడి లేచే జనం అలికిడి కలిసి ఉరిమినట్టు వినిపించిందని రాశాడు. అగడ్తే రాజబాటగా మారింది. 1216లోనూ ఇలాగే మంచు మీదుగా వచ్చి దోచి పోయారు. ఆ తర్వాత 1261లో, 1344లో వచ్చిన దాడులూ చలికాలపువే. వేసవిలో దీవిని ముట్టలేకపోయినవాళ్లు ముహూర్తం పెట్టుకున్నట్టు చలికాలాన్నే ఎంచుకున్నారు.

దారిలో మొదట తగిలింది ముహు కోట. ఇప్పుడు లిన్నుసె అనే పల్లె దగ్గర రోడ్డు పక్కనే ఆ కట్ట కనిపిస్తుంది. వానా చలీ ఇక్కడ కోటవాళ్లకు సాయం చేశాయి. కట్ట వాలు అంతా మంచుగడ్డ, పైనున్న రాళ్ల గోడా మంచుగడ్డే. కాలు నిలవదు. ఎక్కబోయినవాళ్ల మీద రాళ్లు, ఈటెలు. దాంతో జర్మన్లు పంది అనే పనిముట్టుకు పనిచెప్పారు. పంది అంటే గట్టి పైకప్పు వేసి కట్టకు ఆనించే కొట్టం లాంటిది. దాని కింద దాక్కుని మనుషులు కట్టను తొలుచుకుంటూ పోతారు, ముట్టెతో నేల పెళ్లగించే పందిలా. పేరు పెట్టినవాడెవడో పల్లెటూరివాడై ఉంటాడు. కట్ట సగం దాకా తొలిచి, పందిని పక్కకు లాగి, ఆ చోట ఎత్తైన కొయ్య బురుజు నిలబెట్టారు. దాని మీద నుంచి ఈటెలు, బాణాలు. ఆరో రోజు తెల్లవారుజామున వంకీ తిరిగిన ఇనప కొక్కేలతో దడి దుంగలను ఒక్కొక్కటే లాగి పడేశారు. ఆ ముందు రోజు ఫిబ్రవరి 2, మేరీమాత పండుగ. పండుగ రోజు నెత్తురుతో మైలపడకూడదని ఒక రోజు ఆగారట. ఫిబ్రవరి 3న కోట పడింది. దొరికినవాళ్లను నరికి, గుర్రాలూ సొత్తూ పంచుకుని, కోటకు నిప్పు పెట్టారు.

అక్కడి నుంచి దండు నేరుగా వల్యాలకు వచ్చింది. దీవి కోటలన్నిటిలో ఇదే గట్టిదని హెన్రీయే ఒప్పుకున్నాడు. అయినా ఇక్కడ ముహులో జరిగినంత యుద్ధం జరగలేదు. చిన్న కోట ఆరు రోజులు ప్రాణాలకు తెగించి పోరాడింది, పెద్ద కోట మాట్లాడుకుందాం అంది. పిరికితనం అనుకుంటే పొరపాటు. కారణాలు కట్టలోనూ ఉన్నాయి, కట్ట లోపలి జనంలోనూ ఉన్నాయి.

మట్టికట్ట ఎక్కివచ్చే మనిషిని ఆపుతుంది. గోడను కొట్టే రాయినీ ఆపుతుంది. రాతిగోడ దెబ్బకు పగులుతుంది, మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది. మనకు దీనికి ఓరుగల్లు కంటే మంచి నిదర్శనం అక్కర్లేదు. వల్యాల ముట్టడి నాటికి ఓరుగల్లును ఏలుతున్నది గణపతిదేవుడు. ఆ కోట బయటి ప్రాకారం మట్టిదే. 1310లో మాలిక్ కాఫర్ ముట్టడిని వర్ణిస్తూ అమీర్ ఖుస్రో, ఆ మట్టిగోడలో ఉక్కు ఈటె దిగలేదనీ, యంత్రం విసిరిన గుండు పిల్లలాడుకునే కాయలా తగిలి వెనక్కి వచ్చిందనీ రాశాడు. శత్రుపక్షపు కవి ఇచ్చిన కితాబు అది.

అయితే రాయి గోడకే తగలాలని లేదు. గోడ దాటి లోపల పడితే? వల్యాల ముందు జర్మన్లు పొడవాటి మానులతో పెద్ద యంత్రం బిగించారు. సూత్రం మన వడిసెలదే. పొలంలో పిట్టల మీద విసిరే వడిసెలను వంద రెట్లు చేసి, చేతికి బదులు పొడవాటి దూలం పెడితే అదే. అది విసిరిన బండ కట్ట మీదుగా పోయి లోపల పడుతుంది. లోపల ఉన్నది ఎకరం, ఎకరంన్నర చోటు. అందులో ఒక సీమ జనమంతా, ఆడవాళ్లు, పిల్లలు, పశువులు. ఎక్కడ పడినా ఎవరో ఒకరి మీదే. దాక్కోవడానికి చోటు లేదని హెన్రీ రాసిన మాట ఇక్కడ అక్షరాలా నిజం. అయిదేళ్ల కిందట తాము డేన్ల మీద వాడిన లెక్కే ఇది. ఆ లెక్క ఎలా ముగుస్తుందో ఆ కోటలోని పెద్దలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముహు నుంచి లేచిన పొగ సంగతీ తెలుసు. బయట సైన్యం ఊళ్ల మీద పడి మేత, ధాన్యం ఊడ్చేస్తోంది. వేసవి దాకా నిలిస్తే ఓడలు దించవచ్చు, కానీ వేసవికి ఇంకా నెలలుంది.

పెద్దలు కిందికి దిగి సంధి అడిగారు. తమ కొడుకులను జామీనుగా అప్పగించారు. రీగా బిషప్ మొదట ఆ కుర్రాళ్లకు బాప్తిస్మం ఇచ్చాడు. తర్వాత పాదిరులు కోట లోపలికి వెళ్లారు. కోట మధ్యనున్న ఊటబావిని మంత్రించి, ఆ నీళ్లు ఒక తొట్టిలో నింపారు. ముందు పెద్దలు, ఆ వెనక మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తోసుకుంటూ వచ్చారు, పాదిరులకు చేతులు పడిపోయాయి. హెన్రీకి ఆ తోపులాట భక్తిలా కనిపించింది. మంచుకాలంలో, మేత లేని పశువులతో, బండలు పడుతున్న కోటలో ఇరుక్కున్న జనం త్వరగా ఇళ్లకు పోవాలని తోసుకుని ఉంటారన్నది ఆయనకు తోచలేదు కాబోలు. తారపితను వెళ్లగొట్టారని సంతోషంగా రాసి, ఆ ఘట్టంతో తన వృత్తాంతం దాదాపు ముగించాడు. ఆ బావి జాడ ఇప్పటికీ కోట నడిమధ్యనే ఉంది. కాగితం మీది మాటా నేల మీది గుర్తూ ఇంత సూటిగా కలిసే చోట్లు అరుదు.

ఇంతటితో సారేమా పని అయిపోయిందని పాత చరిత్రల ధోరణి. తర్వాతి కాగితాలు చూస్తే అలా అనిపించదు. 1236లో జర్మన్ల సైన్యం లిథువేనియన్ల చేతిలో దెబ్బతినగానే దీవి తిరగబడింది. 1241లో రాతపూర్వకంగా ఒడంబడిక కుదిరింది. అందులో శిక్షలున్నాయి. పసికందును చంపితే జరిమానా, పాత దేవుళ్లకు బలి ఇస్తే జరిమానా. నాగలి లెక్కన ధాన్యం పన్ను కట్టాలి. వీటి పక్కనే ఇంకో షరతు ఉంది. జర్మన్ల అధికారి ఏడాదికి ఒక్కసారే, పన్ను వసూలు వేళకు రావాలి, అదీ స్థానిక పెద్దల సలహాతోనే తగవులు తీర్చాలి. కాళ్లు పట్టుకున్నవాడు ఇలాంటి షరతు రాయించుకోలేడు. 1255లో ఇంకో ఒడంబడికలో ఎనిమిది మంది దీవి పెద్దల పేర్లే రాశారు. ఉల్లె, కుల్లె, ఏను, ముంటెలెనె, తప్పెటె, యల్దె, మెలెటె, కాకె. ఎవరి కొడుకులో, ఏ పల్లెవాళ్లో ఏమీ లేదు, ఒట్టి పేర్లు. అక్షరం లేని సమాజం నుంచి శత్రువు కాగితం మీదికెక్కిన ఎనిమిది గొంతులు. రాజు లేని చోట ఎవరితో సంధి చేసుకోవాలో తెలియక జర్మన్లు తికమకపడి, చివరికి ఈ ఎనిమిది మందినీ లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది.

1227 ఫిబ్రవరిలో వల్యాల పెద్దలు కాపాడుకున్నది ఇదే అనిపిస్తుంది. ముహులోలా చివరిదాకా పోరాడి ఉంటే 1241లో బేరమాడడానికి మనుషులు మిగిలేవారు కాదు. కోటను వదులుకుని జనాన్ని మిగుల్చుకున్నారు. కోట కట్టింది అసలు అందుకే కదా.

లొంగుబాటు తర్వాత కొద్దికాలానికే ఊళ్లో రాతి చర్చి పని మొదలైంది. ఎస్టోనియాలో ఇప్పుడు నిలిచి ఉన్న రాతి చర్చిల్లో పాతది ఇదేనని చెబుతారు. దాని గోడల్లో ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు సన్నగా చెక్కిన పాత సమాధి పలకలు ఇటుకల్లా పేర్చి కనిపిస్తాయి. ఎవరి సమాధులో తెలియదు, రాయి బాగుంది కదాని గోడలో పెట్టేశారు.

వందేళ్ల తర్వాత ఓపిక నశించింది. 1343 ఏప్రిల్ 23 రాత్రి ప్రధాన భూభాగంలో ఎస్టోనియన్లు తిరగబడ్డారు. ఆ జులైలో సారేమావాళ్లు పోయిడెలోని జర్మన్ల కోటను ముట్టడించారు. లోపలివాళ్లు ప్రాణాలు దక్కితే చాలని బయటికి వస్తే, ఆడిన మాట తప్పి రాళ్లతో కొట్టి చంపారు. జవాబు చెప్పడానికి జర్మన్లు మళ్లీ మంచు గట్టిపడే దాకా ఆగారు. 1344 ఫిబ్రవరిలో దీవి మీదికి వచ్చి కర్యా దగ్గరి మట్టికోటను పట్టుకున్నారు. నాయకుడు వెస్సెను చంపారు. మరుసటి ఏడు చలికాలంలో ఇంకోసారి వచ్చాక దీవి తలవంచింది. ఈసారి షరతులు రాయించుకునే స్థితి లేదు. ఆయుధాలు అప్పగించాలి, కోట పడగొట్టాలి, పైగా దీవి తూర్పు తీరాన జర్మన్లకు కొత్త కోట తామే వెట్టిచాకిరీతో కట్టి ఇవ్వాలి. దానికి జర్మన్లు జోనెబుర్గ్ అని పేరు పెట్టారు. ప్రాయశ్చిత్తపు కోట అని అర్థం. స్థానికులు మాసిలిన్ అంటారు.

ఆ రాతికోట రెండు వందల ముప్పై ఏళ్లు నిలిచింది. 1576లో డెన్మార్క్ రాజు ఆజ్ఞతో దాన్ని పేల్చి కూల్చారు. ఇప్పుడక్కడ మిగిలింది రాళ్ల కుప్ప, కొన్ని నేలమాళిగలు. వల్యాల కట్టను పేల్చాలన్న అవసరం ఎవరికీ రాలేదు. దడి దుంగలు కాలిపోయాయి, కుళ్లిపోయాయి. మట్టీ సున్నపురాయీ మాత్రం ఎవరూ మోసుకుపోలేదు. గుండ్రటి కట్ట అలాగే ఉంది, వేసవిలో దాని మీద గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది.